అవుట్‌బాక్స్‌లో నలభై ఒక్క ఉత్తరాలు

మా ఆఫీసులో ఆయన్ని అసలు పేరుతో పిలిచేది జీతాల గుమాస్తా ఒక్కడే, అదీ నెలకోసారి. మిగతా అందరికీ ఆయన సేవ్ మాస్టారు. ఎవరికీ పాఠాలు చెప్పింది లేదు, బడి గుమ్మం ఎక్కింది తన చదువు కోసమే. కానీ ఫోను ఎత్తితే చాలు, నమస్కారం కన్నా ముందు "సేవ్ చేశారా అండీ?" అని అడుగుతారు. పలకా బలపం తెచ్చుకున్నావా అని అడిగినట్టుంటుంది ఆ అడిగే తీరు. అందుకని ఆ పేరు. నా పేరూ అలాంటిదే. వచ్చిన ప్రతి కాగితం మీదా తారీఖు ముద్ర వేసేదాన్ని కనక నన్ను ముద్రమ్మ అంటారు. ఇరవై రెండేళ్లుగా వేస్తున్నాను. ఆయన బల్లా నా బల్లా ఒకే కిటికీ కింద ఉంటాయి. ఆయన మంచితనాన్ని ఎవరైనా నా ముందు పొగిడితే ఒళ్లు మండుతుంది. ఆ మంచితనం ఏం చేసిందో పక్కనుండి చూసినదాన్ని నేను.

మాది మాటలు నేర్పే కేంద్రం. పిల్లలకు కాదు, పక్షవాతం వచ్చి మాట పడిపోయిన పెద్దవాళ్లకు. ఆరు నెలలకొక బృందం మొదలవుతుంది. నలుగురు టీచర్లు, ఒక్కొక్కరికి ఆరుగురు, మొత్తం ఇరవై నాలుగు కుర్చీలు. బృందం మొదలయ్యే రోజుకి మాట పోయి ఆరు నెలలు దాటకూడదు. మొదటి నెలల్లో పట్టుకుంటేనే పోయిన మాట తిరిగొస్తుందని మా పెద్ద టీచరు నమ్మకం. ఆవిడ నమ్మకమే మాకు నిబంధన. అర్హత ఉన్నవాళ్లలో ఫారం ముందు అందినవాళ్లకు ముందు చోటు. కాబట్టి మా దగ్గర ఫారం ఒక రోజు ఆలస్యమైతే ఎవరో ఒకరు మూగగా మిగిలిపోయినట్టే.

ఆ ఫారం ఆరేళ్ల కిందట మాస్టారు తయారుచేసిందే. అంతకుముందు అన్నీ కాగితాలే. పోస్టులో పోయేవి, తడిసి వచ్చేవి, చదవడానికి నాకు భూతద్దం కావలసి వచ్చేది. ఆయన పీడీఎఫ్ ఫారం ఒకటి చేశారు. ఈమెయిల్లో పంపిస్తాం, వాళ్లు కంప్యూటర్‌లో గళ్లు నింపి తిరిగి పంపాలి. అడుగున ఆకుపచ్చ బటన్, దాని మీద "సబ్మిట్" అని అక్షరాలు. బటన్ కింద సన్నటి వరసలో మాస్టారు స్వయంగా రాసిన వాక్యం ఒకటి ఉంది: "మీరు నొక్కిన రోజు కాదు, మాకు అందిన రోజే లెక్కలోకి వస్తుంది." ముందే పంపామని అబద్ధమాడేవాళ్ల పీడ వదిలించడానికి రాశారది. కాగితం ఫారాలు అప్పటికీ ఇప్పటికీ తీసుకుంటాం, కానీ వచ్చేవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఇక ఆ బటన్ సంగతి. అది నొక్కగానే ఫారం రెక్కలు కట్టుకుని మా దగ్గరికి వచ్చేస్తుందని జనం అనుకుంటారు. అది చేసేదల్లా ఒకటే. అవతలివాళ్ల కంప్యూటర్‌లో ఉత్తరాలు పంపే ప్రోగ్రామ్ ఏదైనా ఉంటే దాన్ని నిద్రలేపి, ఇదిగో ఈ ఫారం అక్కడ ఇచ్చిరా అని చెబుతుంది. ప్రోగ్రామ్ లేకపోతే బటన్‌కి పలికే దిక్కుండదు. ఫారాన్ని దించుకోకుండా ఈమెయిల్లోనే తెరిచి నింపితే బటన్ బొమ్మలాగా కనిపిస్తుంది, అంతే. ఫోనులో నింపితే కొన్నిసార్లు గళ్లన్నీ ఖాళీగా వస్తాయి. ఇవన్నీ నాకెలా తెలుసంటే, ఆరేళ్లు పక్కన కూర్చుని విన్నాను కనక. నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

బటన్ తీసేద్దామని మాస్టారు నాలుగుసార్లు నోటు రాశారు. నాలుగుసార్లూ డైరెక్టర్ గారు ఒకే జవాబు చెప్పారు.

"బటన్ లేకపోతే ఫారం బోసిగా ఉంటుందయ్యా. పనిచేసేవాళ్లకి పనిచేస్తోందిగా."

అలా బటన్ ఉండిపోయింది, అది పనిచేయనివాళ్ల కోసం మాస్టారూ ఉండిపోయారు. ఆయన పెళ్లి చేసుకోలేదు. ఎవరైనా ఎందుకని అడిగితే, "నేనూ నొక్కాను అండీ, అటునుంచి ఏ కదలికా లేదు" అనేవారు. ఆయనకున్నదల్లా ఒక అక్క, ఒక బావ. వారానికోసారి వాళ్లింట్లో భోజనం. తల్లి పోయాక పెంచింది ఆ అక్కే. పెళ్లయి వెళ్తూ తమ్ముణ్ణి కూడా వెంటబెట్టుకుని వెళ్లింది. కొత్త కాపురంలోకి బావమరిది వచ్చి కూర్చుంటే ఏ మగవాడైనా మొహం చిట్లిస్తాడు. ఆ బావ చిట్లించలేదు. మర్నాడే కారు తాళాలు చేతికిచ్చి, "పద, నేర్పిస్తా" అన్నాడట.

బావది డ్రైవింగ్ స్కూలు. ఊళ్లో స్టీరింగ్ పట్టినవాళ్లలో సగం మంది ఆయన చేతి కింద నేర్చుకున్నవాళ్లే. పక్క సీట్లో కూర్చుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా మాట్లాడటమే ఆయన పని. మాటల పుట్ట. అద్దం చూడమనీ, క్లచ్ వదలమనీ, ఎదురొచ్చే లారీవాడి తాతముత్తాతల సంగతులూ అన్నీ కలిపి చెప్పేవాడు. మధ్యమధ్యలో "మెల్లగా, మెల్లగా" అనేది ఆయన ఊతపదం. ఒకరోజు పాఠం చెబుతూ చెబుతూ పక్క సీట్లోనే ఒరిగిపోయాడు. కారు నడుపుతున్న అమ్మాయి ఆయన నేర్పినట్టే మెల్లగా పక్కకు తీసి ఆపి, ఆస్పత్రికి ఫోన్ చేసింది. ప్రాణం దక్కింది. కుడి చెయ్యి పడిపోయింది, మాటలన్నీ పోయాయి. ఒక్కటి మిగిలింది. మంచినీళ్లు కావాలన్నా "మెల్లగా", నొప్పిగా ఉందన్నా "మెల్లగా", అక్క కళ్లు తుడుచుకుంటుంటే చూసి "మెల్లగా".

రెండు నెలలకి ఆయన కాస్త లేచి కూర్చున్నాక, మాస్టారు తన చేతులతో అక్కకి ఫారం ఈమెయిల్ చేశారు. ఆ తర్వాత నేరుగా డైరెక్టర్ గారి గదిలోకి వెళ్లి ఒక హామీ పత్రం మీద సంతకం పెట్టి వచ్చారు. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఉద్యోగి బంధువులెవరైనా దరఖాస్తు చేసుకుంటే ఆ ఉద్యోగి ఆ బృందం జాబితా ముట్టుకోకూడదు, చూడకూడదు. వచ్చిన ఫారాలుండే ఈమెయిల్ పెట్టె కూడా తెరవకూడదు. ఈ పద్ధతి ఉందని సగం మందికి తెలియదు, తెలిసినవాళ్లు పాటించరు. ఈయన పాటించారు. ఆ పెట్టె పాస్‌వర్డ్ నాకు అప్పజెప్పి, తన బల్లని గోడవైపు తిప్పుకున్నారు, నా స్క్రీన్ కంట్లో పడకుండా.

"అంత అవసరమా మాస్టారూ?" అన్నాను.

"రేపు ఎవరూ వేలెత్తి చూపకూడదు కదండీ. బావకి చోటొస్తే అది బావకే రావాలి, నా వల్ల కాదు."

ఆ వారం అక్కకి ఫోన్ చేసి అడగడం నేను విన్నాను.

"పంపావా అక్కా?"

అవతల ఆవిడేం చెప్పిందో ఆయనే నాకు చెప్పారు: ఫారం కంప్యూటర్‌లో దించుకుని నింపిందట, పచ్చ బటన్ నొక్కిందట, కిటికీ ఒకటి తెరుచుకుందట, పంపు అని ఉంటే అదీ నొక్కిందట, వెళ్లిపోయిందట. ఆయన ముఖం వెలిగింది. ముక్కూ మొహం తెలియని వందలమందిని "సేవ్ చేశారా, పంపినవాటిలో కనిపిస్తోందా, మళ్లీ చూడండి" అని గుచ్చి గుచ్చి అడిగే మనిషి సొంత అక్కని ఇంకో ముక్క అడగలేదు. ఆ కంప్యూటర్ రెండేళ్ల కిందట ఆయన స్వయంగా అమర్చి ఇచ్చింది కాబట్టి ఢోకా లేదనుకున్నారు. దీపం కిందే చీకటంటారే, అది నాకు ఆరోజు తట్టలేదు, తర్వాత తట్టింది.

గడువు ఆఖరి రోజు మధ్యాహ్నం ఒక ఫోను వచ్చింది. నేను అన్నం డబ్బా విప్పాను, ఆయనా విప్పారు, ఒక ముద్ద తిన్నారో లేదో.

"సేవ్ చేశారా అండీ?"

"ఏం సేవ్ చేయాలండీ, గంట నుంచి నొక్కుతున్నాను, ఉలుకూ లేదు పలుకూ లేదు." గొంతు ఆడమనిషిది. స్పీకర్లో పెట్టారు కాబట్టి నాకూ వినిపిస్తోంది.

"నొక్కకండి. ఫారం ఈమెయిల్లోనే తెరిచారా, దించుకుని తెరిచారా?"

"దించుకోవడమంటే?"

"పైన కిందికి చూస్తున్న బాణం గుర్తు ఒకటి ఉంటుంది చూడండి."

"బాణాలు నాలుగున్నాయండీ. మీకు ఏది కావాలి?"

మాస్టారు నవ్వలేదు, విసుక్కోలేదు. నాలుగు బాణాలనీ ఒక్కొక్కటిగా వర్ణించమని, మూడోదాన్ని నొక్కించారు. దించుకున్న ఫారం ఎక్కడికి పోయిందో వెతకడానికి ఇరవై నిమిషాలు పట్టింది. నింపినవన్నీ ఎగిరిపోయాయని ఆవిడ ఏడ్చింది. మళ్లీ మొదటినుంచి ఒక్కో గడీ చెబుతూ నింపించారు. వృత్తి అన్నచోట ఆవిడ ఆగింది.

"తాళాలు బాగుచేస్తారండీ మావారు. ఇప్పుడు తాళంచెవి చేతిలో పెట్టి ఇదేంటంటే చెంచా అంటున్నారు. అది కూడా రాయాలా?"

"అది టీచరుగారికి చెబుదురుగాని. ఇక్కడ తాళాలు అని రాయండి చాలు. ఇప్పుడు సేవ్ చేయండి. ఆ పచ్చ బటన్ జోలికి పోకండి. మీ ఈమెయిల్ తెరవండి, మాకు కొత్త ఉత్తరం మొదలుపెట్టండి, పిన్ను గుర్తు నొక్కి ఫారం తగిలించండి."

మొత్తం గంటన్నర. మూడింటికి నా స్క్రీన్ మీద ఆవిడ ఫారం వచ్చి వాలింది. నేను గోడవైపు తిరిగి ఉన్న ఆయనకు "వచ్చింది" అని మాత్రం చెప్పాను. ఆయన ఆవిడతో, "మాకు అందిందండీ, ఇక నిద్రపోండి" అన్నారు. ఆయన డబ్బాలో అన్నం గట్టిపడిపోయింది. సంతోషంగా తిన్నారు.

మూడు వారాల చిల్లర తర్వాత జాబితా బోర్డు మీద పెట్టారు. అప్పుడు చూడొచ్చు, అందరికీ తెలిసిందే కదా. మాస్టారు పైనుంచి కిందికి వేలు పెట్టి చదివారు. కిందినుంచి పైకి చదివారు. ఇరవై నాలుగో పేరు తాళాలాయనది. బావ పేరు లేదు. ఎదురుచూసేవాళ్ల జాబితాలో లేదు, తిరస్కరించినవాటిలోనూ లేదు.

"ముద్రమ్మ గారూ," అన్నారు నా బల్ల దగ్గరికొచ్చి, "ఒక్కసారి పెట్టెలో చూస్తారా? మీరు చూస్తే తప్పు లేదు."

చూశాను. రాలేదు. పనికిరాని ఉత్తరాల పెట్టెలో చూశాను. కాగితాల దొంతర మొత్తం విప్పాను. ఆయన నిలబడే ఉన్నారు. "రాలేదండీ" అన్నాను.

ఆ సాయంత్రం ఆయనతో నేనూ వెళ్లాను. రమ్మనలేదు, నేనే బయల్దేరాను. రెండు గదుల ఇల్లు, మొదటి గదిలో మంచం, మంచం పక్క కిటికీ, కిటికీ కింద కంప్యూటర్ బల్ల. బావ కుర్చీలో కూర్చుని ఉన్నాడు, కుడి చెయ్యి ఒళ్లో పడుకోబెట్టినట్టుంది. మమ్మల్ని చూసి ఎడమ చెయ్యి ఎత్తి "మెల్లగా" అన్నాడు. రండి, కూర్చోండి అని దానర్థం. అక్క లోపల్నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి తమ్ముడి మొహం చూసింది.

మాస్టారు నేరుగా కంప్యూటర్ ముందు కూర్చున్నారు. ఉత్తరాల ప్రోగ్రామ్ తెరిచారు. పంపినవి, ఏమీ లేవు. అవుట్‌బాక్స్, నలభై ఒకటి.

అవుట్‌బాక్స్ అంటే ఏమిటో తెలియనివాళ్లకి చెబుతాను. ఉత్తరం రాసి, మూసి, తపాలా పెట్టెలో వేద్దామని చొక్కా జేబులో పెట్టుకుని మర్చిపోతాం చూడండి, ఆ జేబు. నలభై ఒక్క ఉత్తరాలూ మా కేంద్రానికి రాసినవే, ప్రతిదానికీ అదే ఫారం తగిలించి ఉంది. మొదటిది సాయంత్రం ఆరింటిది. మిగతావన్నీ పొద్దున పది దాటాక, రోజుకొకటి. ఆదివారాలు లేవు. ఆదివారం ఆఫీసులుండవని ఆవిడకి తెలుసు కదా అనుకున్నాను నేను.

ఎందుకు కదల్లేదో మాస్టారికి చూడగానే అర్థమైంది. రెండేళ్ల కిందట అక్క ఫోన్ చేసి, ఈ ప్రోగ్రామ్ మాటిమాటికీ ఏదో అడుగుతోంది రా, చిరాగ్గా ఉంది, దీన్ని ఊరుకోబెట్టు అంది. ఆవిడ ఉత్తరాలన్నీ ఫోనులోనే చూసుకుంటుంది. సరే అని ఈయన ఒకరోజు వచ్చి, దాన్ని బయటి ప్రపంచంతో సంబంధం లేకుండా తెంపి, ఇక ఏమీ అడగకుండా నోరు నొక్కి వెళ్లారు. అందుకే బటన్ లేపితే అది లేచింది, ఉత్తరం తీసుకుంది, పంపు అంటే సరే అంది, తనలోనే దాచుకుంది. ఒక్క ఫిర్యాదు కూడా చేయలేదు. చేయకుండా ఆయనే చేశారు.

"వెళ్లలేదా?" అంది అక్క.

"లేదక్కా."

"మరి వెళ్లిందని చూపించిందే."

బావ బావమరిదివైపూ పెళ్లాంవైపూ మార్చి మార్చి చూస్తున్నాడు. మాట పోయిందే కానీ తెలివి పోలేదు ఆయనకి. అదే నాకు భరించరానిదిగా అనిపించింది.

మర్నాడు మాస్టారు డైరెక్టర్ గారి దగ్గరికి వెళ్లారు. తలుపు తెరిచే ఉంది. నలభై ఒక్క ఉత్తరాల తేదీలు, వేళలు కాగితం మీద రాసుకుని వెళ్లారు. డైరెక్టర్ గారు దుర్మార్గుడేమీ కాదు, కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచారు. ఆ తర్వాత సొరుగులోంచి మా ఫారం ఒకటి తీసి, బటన్ కిందున్న సన్నటి వరస మీద వేలు పెట్టారు.

"ఇది నువ్వు రాసిందేగా?"

"నేనే రాశానండీ."

"ఇరవై ఐదో కుర్చీ వెయ్యమంటే టీచర్లు ఒప్పుకోరు. పై బృందానికంటే..." అని ఆగారు. పై బృందం నాటికి పది నెలలవుతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఆయన తిరిగొచ్చి కూర్చున్నాక నేను సొరుగు లాగి ముద్ర బయటికి తీశాను. తారీఖు చక్రాలు వేలితో వెనక్కి తిప్పాను, ఏడు వారాలు వెనక్కి.

"కాగితం ఫారం ఒకటి నింపి తీసుకురండి. గడువులోపే వచ్చింది, నా సొరుగులో కాగితాల కింద పడిపోయింది, తప్పు నాదే అని రాసిస్తాను. ఇరవై రెండేళ్లలో ఒక తప్పు చేయకూడదా నేను? ఎవరూ నన్ను ఉరి తియ్యరు."

ఆయన ముద్రవైపు చూశారు. చూడలేదని చెప్పలేను, ఆశగా చూశారు. చెయ్యి కూడా ముందుకొచ్చింది.

"బావ లోపలికొస్తే ఎవరు బయటికెళ్తారు?" అన్నారు.

"ఎవరైతే నాకేంటి? ఇరవై నాలుగోవాళ్లు."

"తాళాలాయన."

"అవును, తాళాలాయన. ఆయన మీకేమవుతాడు?"

"ఆవిడకి నేను చెప్పానండీ, అందింది, ఇక నిద్రపోండి అని."

నాకు కోపం ఆగలేదు. మిమ్మల్ని పెంచింది తాళాలాయన పెళ్లామా, కారు నేర్పింది తాళాలాయనా అని అడిగాను. మీ నిజాయితీని మీ బావ నోట్లో కుక్కుతున్నారని కూడా అన్నాను. అనకూడని మాటే. ఆయన నా చేతిలోంచి ముద్ర తీసుకుని, చక్రాలు ఒక్కొక్కటీ తిప్పి ఆరోజు తారీఖుకి తెచ్చి, సొరుగులో పెట్టి మూశారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈయన రచ్చ గెలిచారు. నేనైతే ముద్ర గుద్దేసేదాన్ని. ఇప్పుడడిగినా అదే చెబుతాను, పాపమో పుణ్యమో నాకనవసరం.

ఆ తర్వాత ఆయన ఎవరి అనుమతీ అడక్కుండా ఫారంలోంచి బటన్ తీసేశారు. దాని చోట నాలుగు వరసల్లో ఎలా పంపాలో రాశారు. డైరెక్టర్ గారు చూసి ఊరుకున్నారు. బోసిగా ఉందని అనలేదు.

ఒకరోజు ఆయన బల్ల మీద పెద్ద కాగితాల కట్ట కనిపించింది. ఆరేళ్లలో మేం ఫారాలు పంపినవాళ్ల పేర్లు. వాటిలో తిరిగి మాకు అందినవాటికి టిక్కు పెట్టుకుంటూ వచ్చారు. ఐదు వందలకు పైగా పేర్లకు టిక్కు లేదు.

"మనసు మార్చుకున్నవాళ్లుంటారు, పోయినవాళ్లుంటారు," అన్నాను.

"ఉంటారండీ. కానీ ముద్రమ్మ గారూ, బటన్ నొక్కితే ఏమీ జరగనివాళ్లు నాకు ఫోన్ చేశారు. నొక్కితే ఏదో జరిగినట్టు కనిపించినవాళ్లు ఎందుకు చేస్తారు? వాళ్లు పంపేశామనే అనుకుంటారుగా. ఆరేళ్లూ నేను ఫోన్ చేసినవాళ్లనే చూశాను. చేయనివాళ్లందరికీ పనిచేసిందనుకున్నాను."

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. అడిగామనుకుని కూర్చున్నవాళ్ల గురించి సామెత లేదు. ఆయన రోజూ మధ్యాహ్నం అన్నం మానేసి ఆ పేర్లకు ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. నాలుగో ఫోనులో ఎవరో పెద్దాయన, "మీ జవాబు కోసమే చూస్తున్నాం బాబూ, ఎప్పుడు రమ్మంటారు?" అన్నారు. ఆ పేరు పక్కనున్న తారీఖు మూడేళ్ల కిందటిది. మాస్టారు ఫోను నా చేతిలో పెట్టారు. నేను పేరు మళ్లీ అడిగి రాసుకుని పెట్టేశాను. ఆరోజు తర్వాత ఆయన భుజాలు కిందికి దిగాయి, మళ్లీ పైకి లేవలేదు.

బృందం మొదలైన నెలకి, ఒక ఆదివారం, వాళ్ల అక్క నన్ను భోజనానికి పిలిచింది. తమ్ముడు సరిగా తినడం లేదు, మీరొస్తే మొహమాటానికైనా తింటాడు అంది. వెళ్లాను. తినడం అయ్యాక మాస్టారు కంప్యూటర్ ముందు కూర్చుని ఆ ఉత్తరాల ప్రోగ్రామ్‌ని పూర్తిగా తీసేయబోయారు. తీసేముందు ఒకసారి అవుట్‌బాక్స్ తెరిచారు. అక్క వెనకాల నిలబడి ఉతికిన బట్టలు మడతపెడుతోంది. బావ కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు.

"అక్కా, నిన్నొకటి అడుగుతాను, కోప్పడకు," అన్నారు మాస్టారు స్క్రీన్ మీదనుంచి చూపు తిప్పకుండా. "నలభై ఒక్కసార్లు నొక్కావు. ఒక్కసారైనా నాకు ఫోన్ చేసి, ఒరేయ్ జవాబు రాలేదేంటి అని అడగాలనిపించలేదా?"

ఆవిడ మడత ఆపింది.

"నలభై ఒక్కసార్లా? నేను ఒక్కసారే నొక్కాను రా. ఆరోజు సాయంత్రం. మీ బావని పక్కన కూర్చోబెట్టుకుని, ఇదిగో ఇది నొక్కితే వాళ్లకి వెళ్తుంది, వాళ్లు పిలుస్తారు, నీకు మాటలొస్తాయి అని చూపించి నొక్కాను. మళ్లీ దాని జోలికే పోలేదు."

"పొద్దున పదింటికి..."

"పదింటికి నేను ఇంట్లో ఎక్కడుంటాను? తొమ్మిదిన్నరకల్లా ఉద్యోగానికెళ్లి లైబ్రరీ తలుపు తీయాలి కదా. ఒంటిగంట దాకా రాను. ఆదివారమేగా ఇంట్లో ఉండేది."

మాస్టారు మళ్లీ ఆ వరస చూశారు, నేనూ చూశాను. ఆదివారాలు లేవు. ఇంట్లో ఇంకెవరూ ఉండరు. ఆ ఫారం తెరిచి, అడుగుదాకా జరిపి, పచ్చ బటన్ మీదికి బాణాన్ని తెచ్చి నొక్కి, వచ్చిన కిటికీలో పంపు అనేది వెతికి నొక్కడం, అలవాటు లేని ఎడమ చేత్తో. ఎంతసేపు పట్టేదో. నలభై రోజులు.

మేం ముగ్గురం ఒకేసారి కిటికీవైపు తిరిగాం. బావ మమ్మల్నే చూస్తున్నాడు. మేం కనిపెట్టేశామని ఆయనకి తెలిసిపోయింది, తప్పు చేసి దొరికినవాడిలా కాస్త నవ్వాడు కూడా. మాస్టారు లేవబోయి, కుర్చీ పట్టుకుని అక్కడే నేల మీద కూలబడ్డారు.

బావ ఎడమ చెయ్యి చాపి, "మెల్లగా," అన్నాడు.